పేటెంటు పోయింది... పేరు మిగిలింది!

రాగులు నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక రాగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టించే అమ్మమ్మలు ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ పిండిని పాత హార్లిక్స్ సీసాలో పోసి దాస్తారు. గ్లాసు అందుకున్న మనవడు దాన్ని 'రాగి మాల్టు' అంటాడు. అమ్మమ్మకు అది రాగి జావే. పేరేదైనా ఆవిడ చేసిన పని మాత్రం అచ్చంగా మాల్టింగే! గింజను తడపడం, మొలకెత్తించడం, సరైన సమయానికి ఆపి ఆరబెట్టడం... మాల్టు కథంతా ఇంతే. రాగుల బదులు బార్లీతో ఇదే పని వేల ఏళ్లుగా జరుగుతోంది. హార్లిక్స్‌లోకి వెళ్లేదీ ఆ మాల్టే, బ్రూవరీల్లో గంగాళాల్లోకి వెళ్లేదీ ఆ మాల్టే.

అమ్మమ్మ పిండికి ట్రేడ్‌మార్కు లేదు. యూరప్, అమెరికాల్లో అలా కాదు. అక్కడ బీరు రంగు కోసం, రుచి కోసం ప్రత్యేకంగా తయారుచేసే మాల్టుల్లో చాలావాటికి ఒక్కో పేరు, ఆ పేరుకో యజమాని! కారాఫా, కారామ్యూనిక్, కారాహెల్, స్పెషల్ బి, విక్టరీ... కొత్త మోడల్ కార్ల పేర్లలా వినిపించినా ఇవన్నీ వేయించిన బార్లీ గింజలే. గింజ రైతుది. నీళ్లు దేవుడివి. నిప్పు అందరిదీ. మరి ఇందులో 'ఇది నాది' అని చెప్పుకోవడానికి ఏముంది? ఈ ప్రశ్న రెండొందల ఏళ్ల కిందటే లండన్‌లో కోర్టు దాకా వెళ్లింది.

నలుపు కోసం తిప్పలు

18వ శతాబ్దంలో లండన్ కూలీలూ బళ్లవాళ్లూ ఇష్టంగా తాగింది పోర్టర్ అనే ముదురు రంగు బీరు. కట్టెల మంట మీద బాగా కాల్చిన గోధుమ రంగు మాల్టు వల్ల దానికా రంగు వచ్చేది. 1780ల్లో ద్రావణంలో చక్కెర ఎంతుందో కొలిచే పరికరం బ్రూవరీల్లోకి వచ్చింది. దాంతో అసలు లెక్క బయటపడింది. గోధుమ రంగు మాల్టు కంటే లేత రంగు మాల్టులోంచి చాలా ఎక్కువ చక్కెర వస్తోంది! వ్యాపారులు ఊరుకుంటారా? లేత మాల్టుకు మారిపోయారు. లాభం బాగానే పెరిగింది కానీ బీరు రంగు వెలిసిపోయింది. తాగేవాళ్లకేమో నల్లగానే కావాలి. దాంతో కొందరు మాడ్చిన చక్కెర కలిపారు. ఇంకేవేవో కలిపినవాళ్లూ ఉన్నారు. చివరికి 1816లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. మాల్టు, హాప్స్ తప్ప రంగు కోసం మరేదీ కలపకూడదు!

సరిగ్గా అప్పుడే వచ్చాడు డేనియల్ వీలర్. కాఫీ గింజలు వేయించినట్లు మాల్టును ఇనుప డ్రమ్ములో తిప్పుతూ నల్లగా వేయించాడు. ఆ నల్లటి గింజలు కాసిని వేస్తే చాలు, గంగాళమంతా రంగు తిరిగిపోతుంది. పైగా అది మాల్టే కాబట్టి చట్టానికీ అడ్డం లేదు. 1817లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. జనం ఆ సరుకును 'పేటెంట్ మాల్ట్' అన్నారు.

ఆ సంబరం రెండేళ్లే. 1819లో వ్యవహారం కోర్టుకెక్కింది. పేటెంటు తీసుకున్నది మాల్టును ఆరబెట్టి తయారుచేసే కొత్త పద్ధతికి. లోపల రాసిందేమో అప్పటికే తయారైన మాల్టును రంగు కోసం వేయించడం గురించి. రెంటికీ పొంతన కుదరలేదు. పేటెంటు చెల్లదని న్యాయమూర్తులు తేల్చేశారు. ఒక్క తీర్పుతో వీలర్ విద్య ఊరందరిదీ అయిపోయింది.

విచిత్రం అక్కడే మొదలైంది. పేటెంటు పోయినా పేరు పోలేదు! ఇవాళ కూడా 'బ్లాక్ పేటెంట్ మాల్ట్' పేరుతో సరుకు అమ్ముతున్నారు. హక్కు బతికింది రెండేళ్లు, పేరు బతుకుతున్నది రెండొందల ఏళ్లు. ఆ మాటను రోజూ పలికేవాళ్లలో వీలర్ పేరు తెలిసినవాళ్లెందరో!

గింజ పొట్టలో పాకం

వీలర్‌కు జరిగినదాన్ని బట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. వేయించే విద్యను దాచుకోవడం కష్టం. దాచుకోగలిగింది పేరునే. ఆ దారిలో బాగా ముందుకెళ్లింది జర్మనీలోని బాంబెర్గ్ పట్టణంలో 1879లో మొదలైన వేయర్‌మన్ కుటుంబం.

వాళ్ల పేర్లు చాలావరకు 'కారా'తో మొదలవుతాయి. కారమెల్‌లోని మొదటి సగం అది. కారమెల్ మాల్టు తయారీ మన పాకం పట్టడం లాంటిదే. కాకపోతే గిన్నెలో కాదు, గింజ పొట్టలో! మొలకెత్తిన గింజను ఆరబెట్టకుండా తడిగానే వెచ్చబెడతారు. లోపలి పిండి చక్కెరగా మారుతుంది. అప్పుడు సెగ పెంచితే ఆ చక్కెర పాకమై గట్టిపడుతుంది. కొరికితే తియ్యగా కరకరలాడుతుంది. మ్యూనిక్ నగరం పేరు కలిపితే కారామ్యూనిక్. ఎర్రని ఛాయ ఇచ్చేది కారారెడ్. కారాహెల్ అంటే నరకం కాదండోయ్... జర్మన్‌లో 'హెల్' అంటే లేత రంగు! ఇన్ని చెప్పాక ఒక తిరకాసు. 'కారా' అని ఉన్నా కారాఫా మాత్రం కారమెల్ మాల్టు కాదు, వీలర్ గింజల్లా వేయించిన నల్లటిది. పేరు చూసి సరుకు అంచనా వేస్తే బోర్లా పడ్డట్టే.

ఇంకో తమాషా ఉంది. నురుగు నిలవడానికి వాడే ఒక మాల్టును వేయర్‌మన్ వాళ్లు యూరప్‌లో 'కారాపిల్స్' అని అమ్ముతారు. అమెరికాలో ఆ మాట విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన బ్రీస్ కంపెనీది. అందుకే సముద్రం దాటగానే ఆ జర్మన్ బస్తా 'కారాఫోమ్' అయిపోతుంది. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు అన్నమాట! అమెరికా పుస్తకం చూసి యూరప్‌లో, యూరప్ పుస్తకం చూసి అమెరికాలో బీరు కాచేవాళ్లకు ఇది తలనొప్పే. పేరొకటే అయినా ఆ రెండు కంపెనీల గింజలూ ఒకటి కావు మరి.

మైసూర్ బజ్జీలో మైసూరు

మైసూర్ బజ్జీలో మైసూరు ఉండనట్టే, చాక్లెట్ మాల్టులో చాక్లెట్ ఉండదు. బిస్కెట్ మాల్టులో బిస్కెట్ ఉండదు. కెనడాలోని గాంబ్రినస్ కంపెనీ తయారుచేసే హనీ మాల్టులో చుక్క తేనె ఉండదు. ఆ రంగు, ఆ వాసన, ఆ తీపి గుర్తుకొస్తాయంతే. బెల్జియంలో 1875 నుంచి ఉన్న డింగెమాన్స్ వాళ్ల 'స్పెషల్ బి'కి అలాంటి ఆనవాలు కూడా లేదు. నమిలి చూస్తే ఎండుద్రాక్ష రుచి తగులుతుంది. అది పేరుపడ్డాక ఒక కంపెనీ 'స్పెషల్ డబ్ల్యు' అంటే, మరొకటి 'స్పెషల్ ఎక్స్' అంది. ఒక హోటల్ బాగా నడిస్తే పక్కనే 'న్యూ' అనో 'ఒరిజినల్' అనో చేర్చి అదే పేరుతో బోర్డు వెలవడం మనకు మాత్రం కొత్తా?

పేరు కాపాడిన గింజ

పేరంటే వ్యాపారమేనా? ఒక్కోసారి పేరే పంటను బతికిస్తుంది. మారిస్ ఆటర్ అనే బార్లీ రకాన్ని కేంబ్రిడ్జ్‌లోని మొక్కల పరిశోధన సంస్థలో 1960ల్లో రూపొందించారు. సంస్థ ఉన్న వీధి మారిస్ లేన్. ఆ వీధి పేరే గింజకొచ్చింది. ఇంగ్లండ్ సంప్రదాయ బీర్లకు అది ప్రాణం. కానీ ఎక్కువ దిగుబడినిచ్చే కొత్త రకాలొచ్చాక, 1980ల చివరికల్లా సిఫారసు జాబితాలోంచి జారిపోయింది. విత్తనం కూడా కల్తీ అయింది. ఇక మాయమైపోయేదే. కానీ బీరు తయారీదారులు ఆ పేరే పట్టుకుని అడిగారు. 1990ల్లో ఇద్దరు విత్తన వ్యాపారులు మేలైన మొక్కలు ఏరి, విత్తనాన్ని శుద్ధి చేశారు. 2002లో హక్కులూ కొన్నారు. దిగుబడి తక్కువైనా మంచి ధర వస్తుంది కనుక రైతులు ఇప్పటికీ వేస్తున్నారు. పేరే తెలియకపోతే ఎవరడిగేవారు?

పేరు మరీ పాకితే మరో ప్రమాదం. పాలు, గోధుమలు, బార్లీ మాల్టు కలిపి పొడి చేసిన హార్లిక్ సోదరులు అమెరికాలో 1883లో పేటెంటు తీసుకున్నారు. 1887లో 'మాల్టెడ్ మిల్క్' అనే మాటను ట్రేడ్‌మార్కు చేసుకున్నారు. ఆ మాట ఎంత వ్యాపించిందంటే, చివరికి ఎవరి పొడినైనా అలాగే పిలిచారు. మనం ఏ మెషిన్ మీద తీసినా 'జిరాక్స్' అన్నట్టు, ఏ వనస్పతినైనా 'డాల్డా' అన్నట్టు! ఇంటిపేరు మాత్రం వాళ్లకే దక్కింది. అదే సీసా ఎక్కి మన ఊళ్లకొచ్చింది.

ఆ సీసాయే ఇప్పుడు అమ్మమ్మ వంటింటి అరలో ఉంది. పైన పేరు హార్లిక్స్. లోపల మొలకెత్తించి వేయించిన రాగి పిండి. మనవడు సీసా తీసేటప్పుడు పేరు చదవడు. ఎవరు చేశారో వాడికి తెలుసు. చేసినవాళ్ల మొహం తెలియని చోటే కదా, పేరును నమ్ముకోవాల్సి వచ్చేది!