సౌరవిద్యుత్తుకు అధికారి ఎవరు?

జైమిని మీమాంసాసూత్రాలలో షష్ఠాధ్యాయం అధికారవిచారానికి సంబంధించినది. ఒక కర్మకు యోగ్యుడెవరన్నది అక్కడి ప్రశ్న. మీమాంసకులు మూడు లక్షణాలు చెబుతారు. ఫలాన్ని కోరడం అర్థిత్వం. శక్తి, సాధనసంపత్తి కలిగి ఉండడం సామర్థ్యం. చేసే విధానం ఎరిగి ఉండడం విద్వత్త. ఆ అధ్యాయంలోని వర్ణనియమం నాకు గ్రాహ్యం కాదు. ఈ లక్షణత్రయం మాత్రం, మా ప్రాంతంలో జనులు సౌరవిద్యుత్ పథకాలను ఎందుకు స్వీకరిస్తారో, ఎందుకు నిరాకరిస్తారో గ్రహించడానికి ఎంతో ఉపకరించింది.

2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకాన్ని ఆరంభించింది. ఇంటి కప్పుపై మూడు కిలోవాట్ల ఫలకాలు అమర్చుకుంటే 78,000 రూపాయల రాయితీ లభిస్తుంది. ఆ నెలాఖరుననే రాష్ట్రప్రభుత్వం గృహజ్యోతిని ఆరంభించింది. అర్హత గల ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితం. జనగామలోని మా అమ్మ వద్ద సూర్యఘర్ ప్రస్తావన తెచ్చాను. "జీరో బిల్లే వస్తున్నది గద, మల్ల అప్పెందుకు బిడ్డా?" అన్నది. ప్రతి ఉదయం సూర్యనారాయణమూర్తికి దండం పెట్టనిదే ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టదు. ఆమెలో లోపించినది భక్తి కాదు, అర్థిత్వం.

సామర్థ్యం సంగతి వేరు. రాయితీ ఖాతాలో జమయ్యేది ఫలకాలు అమర్చి, తనిఖీ ముగిసిన తరువాతనే. అంతకు ముందే చేతిలో సొమ్మో, బ్యాంకు ఋణమో ఉండాలి. పైకప్పు తనదై ఉండాలి. అద్దె ఇంటివాడు ఎంత కోరినా అధికారి కాలేడు. ఇక పగటి ఉత్పత్తి గ్రిడ్‌కు చేరి, రాత్రి వాడకంలో సర్దుబాటయ్యే నెట్ మీటరింగ్ లెక్క తెలియడం విద్వత్త.

మహబూబాబాద్ వైపు పోడు భూములున్న లంబాడీ, కోయ రైతుల స్థితి దీనికి భిన్నం. 2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జలవికాసం ఆరంభమైంది. అటవీహక్కుల పట్టాలున్న 2.10 లక్షల మంది గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు పూర్తి రాయితీతో సౌరపంపులు ఇవ్వాలన్నది సంకల్పం. కరెంటు తీగ చేరని చెలకలో నీటికోసం అర్థిత్వం సహజసిద్ధం, సామర్థ్యాన్ని ప్రభుత్వం సమకూరుస్తుంది. మోటారు ఆగిపోతే బాగుచేసే విద్వత్త ఎవరిదన్నదే శేషప్రశ్న. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు అందుకుంటున్న బోరుబావి రైతుకు అదే పంపుపై ఆసక్తి కలగకపోవడంలో వింత లేదు.

భూపాలపల్లిలో విషయం మరింత సంకీర్ణం. సమీపాన చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ తాపవిద్యుత్ కేంద్రం ఉంది. సింగరేణి గనులు ఉన్నాయి. సింగరేణి సంస్థ స్వయంగా సౌరకేంద్రాలు నెలకొల్పినా, బొగ్గుపై బ్రతికే కుటుంబానికి మొదట తోచే ప్రశ్న "మా పని ఏమవుతుంది?" అనే. జీవనభయం ఉన్నచోట ఫలకామన నిలవదు.

కఠోపనిషత్తు శ్రేయస్సును, ప్రేయస్సును వేరుచేసింది. అది ఆధారంగా ఉచిత విద్యుత్తును ప్రేయస్సనీ, సౌరవిద్యుత్తును శ్రేయస్సనీ విభజించి, మొదటిదాన్ని ఎంచుకున్నవారిని మందబుద్ధులనడం సులభం. కానీ ఆ విభాగం రెండు మార్గాలూ నిజంగా తెరచి ఉన్నవానికే వర్తిస్తుంది. జైమిని ధనహీనుని విషయంలో ఒక సూక్ష్మమైన మాట చెప్పాడు. ధనం నేడు లేకున్నా రేపు సంపాదించదగినదే కనుక, ధనం లేదన్న కారణంతో అతణ్ణి అనధికారి అనరాదు. దారిద్ర్యం స్వభావం కాదు, తొలగదగిన స్థితి. కాబట్టి ఒక ఊరు పథకాన్ని కాదన్నప్పుడు మనం అడగవలసినది "వీరికెందుకు తెలియదు?" అని కాదు, "ఈ మూడింటిలో వీరికి ఏది అందలేదు?" అని.