పాత కారు కింద పడుకుని వేసిన లెక్క

పదహారేళ్లు దాటిన ఆల్టో మీద డబ్బు పెడుతున్నానంటే మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. "బావగారూ, అమ్మితే లక్ష రాని బండికి ఇంకా రిపేర్లేంటండీ, వదిలించుకోక?" అంటాడు మా బావమరిది. ఆ లెక్క అమ్మేవాడిది. ఉంచుకునేవాడు చూసుకోవాల్సింది, ఈ బండి లేకపోతే నెలనెలా ఎంత కట్టాల్సొస్తుందని. కొత్త కారుకి ఐదు లక్షలు 9 శాతం వడ్డీకి అప్పు తెస్తే, ఐదేళ్లపాటు నెలకి 10,379 రూపాయల కిస్తీ. వడ్డీ ఒక్కటే లక్షా ఇరవై రెండు వేలు దాటుతుంది. అందుకే నా దగ్గర ప్రతి రిపేరు బిల్లూ ఆ పదివేల పక్కన నిలబడాల్సిందే, బండి ఖరీదు పక్కన కాదు.

ఈసారి ఖర్చుకి వచ్చినవి వెనక షాక్‌అబ్జార్బర్లు. గుడివాడ రోడ్డులో గుంట దాటాక ముందు భాగం వెంటనే సర్దుకునేది, వెనక మాత్రం ఇంకాసేపు ఊగుతూనే ఉండేది. వెనక సీట్లో మా అమ్మ నడుం పట్టుకుని "మెల్లగా పోనీరా" అనేది. టైరు మీద చెయ్యి పెట్టి తడిమితే అరుగుదల సమంగా లేదు, ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం. టైరు రోడ్డుని పట్టుకోకుండా గెంతుతూ పోతే అలాగే అరుగుతుంది. గెంతే టైరుకి బ్రేకు కూడా సరిగ్గా పట్టదు. పైగా రెండు టైర్ల ఖర్చు రెండు షాకుల కంటే ఎక్కువ. కాబట్టి వాయిదా వేస్తే మిగిలేదేమీ లేదు. ఇన్సూరెన్సు ఊసు ఎత్తనక్కర్లేదు, అరుగుదలకి ఏ పాలసీ డబ్బివ్వదు.

ఒక సర్వీసు సెంటర్‌లో ఎస్టిమేటు వేయించాను. షాకులు, బుష్‌లు, టైర్లు, అలైన్‌మెంటు, అండర్‌కోటింగు, అన్నీ కలిపి పదిహేడు వేల పైచిలుకు. ఈ బండికి వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకటే ఇరుసు. షాకు మార్చినంత మాత్రాన చక్రం వంపు మారదు. మరి అలైన్‌మెంటు దేనికంటే "ప్యాకేజీలో ఉంటుంది సార్" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. విజయవాడ ఆటోనగర్‌లో మంచి కంపెనీ షాకుల జత రెండున్నర వేల లోపే దొరికింది. విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాదు, 18 శాతమే. పాత స్టిక్కరున్న డబ్బా చేతిలో పెడితే ఆ తేడా అడిగి తీసుకోవాలి. ఒకవైపు షాకే నూనె కారుతున్నా రెండూ మార్చాలి. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే మలుపులో బండి ఒక్కోవైపు ఒక్కోలా ఊగుతుంది.

ఇంట్లో నేనే చేసుకుంటే కూలీ మిగులుతుందని మాత్రం చెప్పను. మా వీధి చివర మెకానిక్ ఈ పనికి ఐదారు వందలు తీసుకుంటాడు. జాకీ స్టాండ్లకీ, రింగు పానాల సెట్టుకీ నేను పెట్టింది దానికి అయిదారు రెట్లు. అమెరికాలో మెకానిక్ కూలీ చాలాచోట్ల గంటకి వంద డాలర్ల పైమాటే, అక్కడ సొంతంగా చేసుకునేవాళ్లకి మిగులుతుంది. ఇక్కడ కూలీ చవక. నాకు కావలసింది వేరే: ఈ బండిని ఇంకెన్నాళ్లు ఉంచుకోవచ్చో తేలాలి. అది తేలేది దాని కింద పడుకుని కళ్లారా చూసినప్పుడే.

ఆదివారం ఎండ ఎక్కకముందే మొదలెట్టాను. ముందురోజు రాత్రే బోల్టులకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. హ్యాండ్‌బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీద. అవే గాల్లోకి లేచాక దాన్ని నమ్ముకోకూడదు. ముందు చక్రాలకి రెండువైపులా చెక్క దిమ్మలు పెట్టి, గేరులో వేసి, అప్పుడు లేపాను. బండితో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే, దాని మీద నిలబెట్టి కిందికి దూరకూడదు. బాడీని స్టాండ్ల మీద దించాక ఇరుసు కింద ఇంకో జాకీ ఆనించాను. ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాకే. అది విప్పగానే ఇరుసు వేలాడితే స్ప్రింగు ఊడొస్తుంది, బ్రేకు గొట్టం సాగుతుంది.

ఎడమవైపు కింది బోల్టు బాగా ఏడిపించింది. పానాకి ఇనప పైపు తొడిగి, కాలితో తొక్కితే గాని కదల్లేదు. ఊడొచ్చిన షాకు ఒంటినిండా నూనె, దాని మీద అంగుళం మందాన అంటుకుపోయిన రోడ్డు దుమ్ము. నేల మీద నిలబెట్టి నొక్కితే దిగింది, దిగినచోటే ఉండిపోయింది. కొత్తదాని కట్టు తెంచగానే అదే మెల్లగా పైకి లేచింది, నొక్కితే ఎదురు నిలిచింది. బండి బరువు మోసేది స్ప్రింగు, షాకు కాదు. లోపలి నూనెని సన్నని రంధ్రాల్లోంచి తోస్తూ ఆ స్ప్రింగు ఊపుని అణచడమే దీని పని. సీలు పోయి నూనె కారిపోతే ఇక అణిచేదేముంది?

కొత్తవి బిగించేటప్పుడు ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. చివరి బిగింపు బండి నేలకి దిగి, బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది, బండి దించగానే మెలితిరుగుతుంది. అలా మెలితిరిగినది తొందరగా చీలిపోతుంది. మళ్లీ అదే ఖర్చు.

కింద ఉన్నంతసేపూ టార్చి వేసి అంతా చూశాను. బ్రేకు గొట్టాలు బాగున్నాయి. ఇరుసు బుష్‌లకి చిన్న చీలికలు ఉన్నాయి, ఏడాది గడుస్తాయి. సైలెన్సరు దగ్గర పైపైన తుప్పు పట్టింది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగలేదు. జాకీ ఆనించే చోట రేకు గట్టిగానే ఉంది. నా పానాల ఖర్చు గిట్టిందంటే ఇక్కడే.

ఆర్సీ 2024లో రెన్యువల్ చేయించాను. ఫీజు ఐదు వేలు, గ్రీన్ ట్యాక్సు అదనం. ఆ రెన్యువల్ 2029 దాకా ఉంటుంది. అప్పటికి బండికి ఇరవై నిండుతాయి. ఇరవై దాటిన కార్లకి కేంద్రం 2025 ఆగస్టులో రెన్యువల్ ఫీజుని పదివేలు చేసింది. కాబట్టి నా గడువు 2029. ఏ ఖర్చు వచ్చినా అప్పటిదాకా మిగిలిన నెలలతో భాగిస్తున్నాను. ఈ షాకులు నెలకి అరవై, డెబ్భై రూపాయలు పడతాయి. రేపు క్లచ్ పోయినా వేయిస్తాను. ఇంజను విప్పాల్సి వస్తే మాత్రం బావమరిది మాటే విని అమ్మేస్తాను. ఈ ఖర్చులకని నెలకి రెండున్నర వేలు విడిగా ఆర్డీ కడుతున్నాను. వెయ్యి సీసీ లోపు కారు కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం 2,094, దాని మీద జీఎస్టీ. అదీ అందులోంచే.

ముందు షాకులు కూడా దగ్గర పడ్డాయి. వాటి జోలికి నేను వెళ్లను. అక్కడ స్ప్రింగు షాకు చుట్టూనే బిగిసి ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే సాధనం జారితే ముఖం పగులుతుంది. వేసవి లోపు ఆటోనగర్‌లో ఇచ్చి చేయిస్తాను, కూలీతో సహా డబ్బు ఆర్డీలో ఉంది.