మా వాడ ముచ్చట్లు – 17: గడువు తీరిన రీలు



ఫొటో రీలు దేంతో తయారైతదో ఎప్పుడన్న ఆలోచించిన్రా? ప్లాస్టిక్ పట్టీ మీద సన్నటి పొర ఉంటది. ఆ పొరల వెండి లవణాల రవ్వలుంటయి. వెలుగు తాకితే మారేది ఆ రవ్వలే. వాటిని పట్టీకి అంటిపెట్టి ఉంచేది మాత్రం జెలటిన్. జెలటిన్ అంటే పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన బంక. 1920లల కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్, ఒక జెలటిన్‌తోని రీలు చురుకుగ, ఇంకోదానితోని మందంగ ఎందుకైతున్నదని వెతుక్కుంట పోయి ఆవుల మేత దాక పోయిండు. ఆవులు మేసిన ఆవాల జాతి మొక్కలల్ల ఉండే గంధకమే రీలుకు చురుకు తెస్తున్నదని తేల్చిండు.

చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చినందుకు, తోలు ఒలిచినందుకు మనం అంటరానోళ్లమైనం. అసొంటి తోలే, అసొంటి ఎముకే రీలై, ప్రింటు కాయితమై, చచ్చిపోయిన పటేలు ఫొటో అయి పూలదండ వేసుకొని నడింట్ల గోడకెక్కింది. ఆడ దానికి అంటు లేదు.

ఎడపల్లిల మా వాడకు వస్తే దాదాపు ప్రతి ఇంట్ల ఒక ఫొటో కనవడ్తది, అది బాబాసాహెబ్‌ది. కోటు, టై, కండ్లద్దాలు. మా అమ్మమ్మ ఫొటో మాత్రం ఒక్కటి లేదు. 1931ల నిజాంసాగర్ అయింది, కాలువ నీళ్లొచ్చినయి, చెరుకొచ్చింది. 1937ల బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం ఫొటోలు నేను చానా చూసిన. దానికి చెరుకు నరికినోళ్ల మొహం దగ్గరికెళ్లి తీసిన ఫొటో, కింద పేరు రాసి ఉన్నది, ఇంతవరకు నాకు దొరకలే.

మా అవ్వకు ఒక ఫొటో ఉండె. బీడీ కార్డు మీదిది, తపాలా బిళ్లంత. అది అవ్వ కోసం తీసింది కాదు, ఈమె ఆమేనా అని ఆఫీసుల చూసుకునేటందుకు తీసింది. ఫొటో మనదాక వచ్చిందే గట్ల వచ్చింది. అప్పట్ల దక్షిణాఫ్రికాలో నల్లోళ్లు ఎక్కడికి పోయినా పాస్ పుస్తకం చూపాల్సి ఉండె. ఆ పుస్తకాల ఫొటోలకు పోలరాయిడ్ సామాను వాడుతున్నరని తెలిసి, 1970ల అమెరికాల అదే కంపెనీల పనిచేసే నల్లజాతి ఉద్యోగులు కెరొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ ఎదురు తిరిగిన్రు. 1977ల కంపెనీ అక్కడికెళ్లి తప్పుకోవాల్సి వచ్చింది. కెమెరా ఎవరి చేతుల ఉన్నది, ఎవరి మొహం మీద ఉన్నది అన్నది పాత లడాయే.

మా పెద్దక్క సంబంధం చూస్తున్నప్పుడు ఫొటో కోసం ఒక స్టూడియోకు తీస్కపోయిన్రు. ఆయన డబ్బల పౌడరంత మొహానికి కొట్టిండు. ఫొటోల మొహం సున్నం వేసినట్టు, మెడ మెడ లెక్కనే వచ్చింది. "నల్లటోళ్లు రీలుకు పడరు" అన్నడు. ఆ మాట అక్క చానా ఏండ్లు మోసింది.

రీలుకు కులం తెల్వది గని, రీలును తయారుచేసినోళ్ల కండ్లకు రంగు తెలుసు. 1950లకెళ్లి కొడాక్ ల్యాబులకు ఒక నమూనా ఫొటో పంపేది. దాన్ని షర్లీ కార్డు అంటరు. తెల్లామె బొమ్మ. ఆమె చర్మం సరిగ్గ వస్తే రంగులు సరిగ్గ ఉన్నట్టు. 1977ల మొజాంబిక్ పోయిన సినిమా దర్శకుడు గొదార్ కొడాక్ రీలు వాడనన్నడు, అది నల్లోళ్ల విషయంల వివక్ష చూపుతదన్నడు. ముదురు రంగులు తేటగ రావాలని కంపెనీ మీద ఒత్తిడి తెచ్చిన్రని చెప్పేది ఎవరినో తెలుసా? చాక్లెట్ కంపెనీలు, కర్ర సామాన్ల కంపెనీలు. మనుషుల మొహాలకన్న ముందు బల్లల నునుపు లెక్కల పడ్డది.

నా చేతుల ఉన్నది పెంటాక్స్ కె1000. బటన్ సెల్లు లోపలి మీటర్‌కే, సెల్లు లేకున్నా ఫొటో పడ్తది. కొత్త రీలు ధర మనకు అందది. మూతపడ్డ స్టూడియోల అల్మారలల్ల మిగిలిన గడువు తీరిన రీళ్లు అడిగి తెచ్చుకుంట. పట్నం దోస్తులు కొందరికి ఆ రీళ్లంటే పిచ్చి. రంగులు ఊదాకు మళ్లుతయి, మసక వస్తది, పాత జ్ఞాపకం లెక్క ఉంటదంటరు. వాళ్ల ఇష్టం వాళ్లది.

కానీ ఆ మసక ఏందో తెలుసుకోవాలె. ఎండకు, ఉక్కకు, ఏండ్లకు వెండి రవ్వలు వెలుగు తాకకున్నా చెడిపోతయి. కడిగినప్పుడు అవి కూడ నల్లవడ్తయి. నెగెటివ్ అంతట సన్నటి మసక పరుచుకుంటది. తెల్ల చొక్కా, ఆకాశం, సున్నం గోడ దాన్ని తట్టుకుంటయి, ఎందుకంటే ఆడ వెలుగు మస్తు పడ్డది. తక్కువ వెలుగు పడ్డ చోటు, అంటే నీడల్లోని వివరం, మొదలు మునిగిపోతది. మన కంటి కింద గీతలు, చెంప పల్లం, నుదురు ఉండేది అక్కడనే. డబ్బ మీద రాసిన లెక్కతోని తీస్తే గడువు తీరిన రీలు మొదలు తినేది నల్లటి మొహాన్నే.

అందుకని వెలుగు ఎక్కువియ్యాలె. గడువు దాటిన ప్రతి పదేండ్లకు ఒక స్టాపు, అంటే వెలుగు రెట్టింపు. ఇది మోటు లెక్క గని పనికొస్తది. డబ్బ మీద 400 ఉండి ఇరవై ఏండ్లు దాటితే నేను డయల్ 100 మీద పెడ్త. ఇగ మీటర్ సంగతి. మీటర్‌కు మనిషి తెల్వది. ముందట ఏమున్నా నడిమి బూడిద రంగే అనుకుంటది. సున్నం గోడ ముందట మనిషిని నిలబెడితే, వెలుగు మస్తున్నదని తగ్గిస్తది. గోడ మంచిగొస్తది, మనిషి నీడైతడు. కాబట్టి దగ్గరికి పోయి మొహం మీదనే కొలిచి, ఆ లెక్క పెట్టి, వెనక్కొచ్చి తియ్యాలె. గోడ తెల్లగ కొట్టుకపోతే పోనీ.

ఈ ఎండకాలం మా వాడల ముసలోళ్ల ఫొటోలు తీసిన. ఒక రీలుకు 36 మొహాలే. కాబట్టి ఒక్కొక్కరిని అడగాలె, కూసోవెట్టాలె, ముచ్చట పెట్టాలె. చెరుకు నరికిన ఒక పెద్దమ్మ అడిగింది, "పౌడర్ రాసుకోవాల్నా బిడ్డా?"

"వద్దు పెద్దమ్మా."

"నల్లగ పడ్త గదరా."

"ఎట్లున్నవో గట్లనే పడ్తవ్."

నలుపు తెలుపు రీలు ఇంట్లనే కడుగుత. మందు 20 డిగ్రీలకు ఉండాలె, మే నెలల మా నల్లా నీళ్లు కాగినట్టు వస్తయి. రంజన్ నీళ్లల్ల ఐసు ముక్కలేసి దించుత. ప్రింటు చేతికిస్తే పెద్దమ్మ చానాసేపు చూసింది. "ఇది మా అవ్వ మొహంరా" అన్నది. వాళ్లవ్వకు కూడ ఫొటో లేదు.

నాకు దొరికిన రీళ్లల్ల ఇందు బ్రాండువి కూడ ఉన్నయి. ఊటీల 1960ల పెట్టిన సర్కారు కంపెనీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్‌వి. ఆ కంపెనీ మూతవడ్డది. మన షుగర్ ఫ్యాక్టరీని 2002ల ప్రైవేటుకిచ్చిన్రు, 2015 డిసెంబర్‌ల అదీ మూతవడ్డది. సర్కారు ఫ్యాక్టరీ అంటే రిజర్వేషన్ ఉన్న నౌకరి. ప్రైవేటుకు పోయిన దినం, తాళం పడకముందే, మన పిల్లలకు ఆ దర్వాజ మూసుకపోయింది. ఆ లెక్క ఇంకో భాగంల రాస్త.

"ఫోన్ ఉండంగ ఇదంత ఎందుకన్నా?" అని చదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు అడుగుతున్నరు. ఫోన్‌తోని కూడ తీయిన్రి, వద్దనను. కానీ ఫోన్ పోతే ఫొటోలు పోతయి, పాస్‌వర్డ్ మర్చిపోతే పోతయి. నెగెటివ్‌ను కిటికీల వెలుగుకు పట్టుకుంటే చాలు, మనిషి కనవడ్తడు. రేపు ఈ భూమి దున్నింది ఎవరు, ఈ చెరుకు నరికింది ఎవరు అని అడిగితే మనం చూపేటందుకు ఏదో ఒకటి చేతుల ఉండాలె.

ఒక పని చేయిన్రి. ఇంట్ల సందుకల పాత నెగెటివ్‌లుంటే పారేయకుండ్రి. నీళ్లతోని కడగకుండ్రి, రేకుల కింద వేడికి పెట్టకుండ్రి. కాయితం కవర్ల పెట్టి చల్లటి పొడి జాగల దాయిన్రి. పాత ఫొటోల ఎవరెవరున్నరో అమ్మమ్మలను, తాతలను అడిగి వెనక పెన్సిల్‌తోని మెల్లగ పేరు రాయిన్రి. పూర్తి పేరు, వాడ, ఊరు, ఏం పని చేసిండ్రో. ఈ ఆదివారమే అడుగుండ్రి, చెప్పేటోళ్లు ఉండంగనే.