ప్రేగ్ నగరంలో పాదరసపు బొట్లు

ఐరోపా ఖండం నడిబొడ్డున చెక్ దేశం వున్నది. దాని రాజధాని ప్రేగ్. ఊరి మధ్యగా వల్తావా నది పారుతుంది. నదిమీద నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో కట్టించ నారంభించిన రాతివంతెన మీద నేటికీ జనం నడుస్తున్నారు. యాత్రికులు వంతెన మీది విగ్రహాలనూ, కింది నీటినీ చూసి ముచ్చటపడి వెళ్ళిపోతారు. కాని పిల్లలూ, నీటిని పరీక్షించే గొప్ప ఉపాయం ఒకటి పుట్టింది యీ ఊళ్ళోనే!

ఆ చక్రవర్తే 1348లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఇక్కడ వున్నది. అందులో యారోస్లావ్ హేరోవ్‌స్కీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు వుండేవాడు. ఆయన 1890లో ప్రేగ్‌లోనే పుట్టాడు. వెంట్రుకంత సన్నని రంధ్రం గల గాజుగొట్టం నుంచి పాదరసాన్ని బొట్టుబొట్టుగా నీటిలోకి జారవిడుస్తూ, ఆయన దానిగుండా విద్యుత్తు పంపాడు. ఏ బొట్టుకాబొట్టు కొత్తది గనక దాని పైభాగం ఎప్పుడూ శుభ్రంగానే వుంటుంది. వోల్టేజిని కొద్దికొద్దిగా పెంచుతూ పోగా, ఒకచోట విద్యుత్ప్రవాహం మెట్టులాగా పైకి లేచింది. నీటిలో కరిగివున్న లోహం పాదరసాన్ని చేరుతున్నదన్నమాట! సీసానికి ఒక వోల్టేజి, కాడ్మియానికి ఒకటి, జింకుకు మరొకటి. మెట్టు ఎక్కడ వచ్చిందో చూస్తే ఏ లోహమో తెలుస్తుంది. దాని ఎత్తు కొలిస్తే ఎంత వున్నదో తెలుస్తుంది. ఇది 1922 ఫిబ్రవరిలో జరిగిన సంగతి. 1959లో హేరోవ్‌స్కీకి నోబెల్ బహుమతి వచ్చింది.

"ఇంత శ్రమ దేనికి?" అంటారేమో. సీసం కలిసిన నీటికి రంగు మారదు, వాసన రాదు. అయినా అది పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. నీళ్ళు కాచితే క్రిములు చస్తాయి గాని సీసం పోదు. తాగేనీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. అంటే లక్ష లీటర్లకు 1 గ్రాము! అంత కొంచెం కంటికి దొరుకుతుందా?

అందుకే ఇప్పటి పరికరాలు చీమ గింజలు కూడబెట్టినట్టు, ముందు కొన్ని నిమిషాలు లోహాన్ని ఎలక్ట్రోడు మీద పోగుచేస్తాయి. తరవాత వోల్టేజి మార్చి మళ్ళీ నీటిలోకి వదిలిస్తాయి. అప్పుడు ముందు కాడ్మియం, ఆ వెనుక సీసం, చివరకు రాగి తమ వంతు ప్రకారం బయటపడతాయి.

పాదరసమూ విషమే సుమా! జపానులోని మినమాటాలో పాదరసం కలిసిన చేపలు తిని జనం జబ్బుపడిన సంగతి 1956లో బయటపడింది. ముల్లును ముల్లుతో తీసినట్టు, చాలాకాలం విషాన్ని విషంతోనే పట్టారు. 2000 నుంచి దానికి బదులు బిస్మత్ పూతనూ వాడుతున్నారు. ఇప్పుడు వేలెడంత పట్టీతో నది ఒడ్డునే పరీక్ష చేయవచ్చు.

నీరు తేటగా వున్నంతమాత్రాన మంచినీరని నమ్మకండి. మీ ఇంటి నీటిని ఎప్పుడైనా పరీక్ష చేయించారా? ఇవాళే నాన్నగారిని అడగండి.