సోమ, బుధ, శుక్ర

జూన్ 11
మళ్ళీ తెమడ పరీక్ష. స్మియర్‌లో క్రిములున్నాయి. సీబీనాట్‌లో టీబీ లేదు. అదెలా? కల్చర్ వచ్చేదాకా ఆగాలన్నారు డాక్టరుగారు, ఆరు వారాలు పట్టొచ్చట. ఇంట్లో అప్పుడే నా కంచం, గ్లాసు వేరయ్యాయి. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నోణ్ణి మాత్రం మేడ మీద పడుకోబెడుతున్నారు.

జూన్ 26
పెళ్ళికి ముందు వచ్చిన టీబీ... అప్పుడు అమ్మ ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. తగ్గిపోయిందనే అనుకున్నాం. ఆ మచ్చలున్న చోటే ఊపిరి గొట్టాలు సాగిపోయాయని సీటీలో చూపించారు. బ్రాంకియెక్టాసిస్. ఇన్నేళ్ళూ జలుబు అనుకుంటూ గడిపేశాను.

జులై 30
రెండు కల్చర్లలోనూ అదే. మైకోబాక్టీరియం ఏవియం. టీబీకి దాయాది, టీబీ కాదు. నీళ్ళలో, మట్టిలో ఉంటుందట. ఇంట్లోవాళ్ళకి అంటదని డాక్టరుగారు రెండుసార్లు చెప్పారు, రెండోసారి కోడలి వైపు తిరిగి. ఆ పిల్ల తల దించేసుకుంది. నాకు కోపం రావాలి కదా?

ఆగస్టు 14
అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్. వారానికి మూడు రోజులు, మూడూ ఒకేసారి. మూత్రం నారింజ రంగులో వస్తోంది. వికారం. చారన్నం తప్ప ఏదీ సయించట్లేదు. కల్చర్ నెగటివ్ వచ్చాక కూడా ఇంకో 12 నెలలు వాడాలి. వచ్చాక. ఎప్పుడొస్తుందో.

సెప్టెంబర్ 18
పొద్దున్నే ఉప్పునీటి నెబ్యులైజర్. తర్వాత అకపెల్లా అనే ఊదే పరికరం. ఊదుతుంటే ఛాతీ అంతా అదురుతుంది. ఆపైన నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు గట్టిగా 'హా'. ఎంత దగ్గినా రానిది దీనికి కదిలింది. చిక్కగా, పచ్చగా. చాలాసేపటికి ఊపిరి అడుగుదాకా అందింది.

అక్టోబర్ 22
కళ్ళ పరీక్ష. ఇథాంబ్యుటాల్‌తో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకుండా పోవచ్చట. చుక్కల్లో 74 చదివాను. ఇంటికొచ్చి మందార చెట్టు దగ్గర నిలబడ్డాను. పువ్వు ఎర్రగానే ఉంది. ఆకు ఆకుపచ్చగానే ఉంది. ఇంకోసారి చూశాను.

డిసెంబర్ 3
కిలో బరువు పెరిగాను. కల్చర్ నెగటివ్! ఒక్కటి చాలదట, వరసగా మూడు రావాలి. చిన్నోడు నా కంచంలోంచే ముద్ద పెట్టమన్నాడు. కోడలి మొహం చూశాను. నెయ్యి గిన్నె ఇటు జరిపింది.

ఫిబ్రవరి 6
మూడోది కూడా నెగటివ్. ఏడాది లెక్క మొదటి నెగటివ్ నుంచే అన్నారు. అంటే కొంత గడిచినట్టే. మందులయ్యాక మళ్ళీ రావచ్చా అని అడిగాను. రావచ్చన్నారు. అవే నీళ్ళు, అదే మట్టి. షవర్ తీయించేశాం. కుండీల్లో మట్టి మార్చేటప్పుడు తడిపి, మాస్కు పెట్టుకుంటాను. మొక్కల్ని మాత్రం వదలను. పొద్దుటి ఊదుడూ మానను, మాత్రలయిపోయినా సరే.