ఆఖరి పలక

ప్లాటు కొలతకీ పలక కొలతకీ ఎప్పుడూ పొత్తు కుదరదు. హద్దు 60 అడుగులు. స్తంభానికీ స్తంభానికీ మధ్య పట్టే సిమెంటు పలక 7 అడుగులు. ఎనిమిది పలకలు నిలబెట్టేసరికి 56 అడుగులు అయిపోతాయి. మిగిలిన నాలుగడుగుల్లో ఏం పెట్టాలి? ఏడడుగుల పలక పట్టదు. ఖాళీగా వదిలేస్తే వీధిలో గేదెలు ఊరుకోవు. ఊరి చివర స్థలం కొనుక్కుని, ఇటుక గోడ ఖర్చుకి భయపడి రెడీమేడ్ ప్రహరీ పెట్టించుకునే వాళ్లందరికీ ఏదో ఒక మూల ఈ లెక్క ఎదురవుతుంది.

ఆమధ్య రిటైరైన ఓ గుమస్తాగారికీ ఎదురైంది. రెండొందల గజాల స్థలం, అందులో చిన్న ఇల్లు. వెనకా, ఓ పక్కా పొరుగువాళ్ల గోడలున్నాయి. మిగిలింది రోడ్డు వైపు 30 అడుగులు, ఇంకో పక్క 60 అడుగులు. పనివాళ్లు ఆ పొడుగు వైపు స్తంభాలు పాతి, గాడుల్లోకి పలకలు దింపి వెళ్లిపోయారు. గోడ ఐదడుగుల ఎత్తు, పలక అడుగు వెడల్పు. అంటే ఆ మూలకి కోయాల్సినవి ఐదు పలకలు. కోసే కుర్రాడు రెండ్రోజులాగి వస్తాడన్నాడు మేస్త్రీ.

‘ఐదు కోతలకి రెండ్రోజులు కాచుక్కూచోవాలా? ఇంట్లో కటింగ్ మిషన్ ఉందిగా!’ అనుకున్నారు గుమస్తాగారు.

తీరా చూస్తే పలకని కదిలించడమే గగనమైంది. ఏడడుగుల పొడవు, అడుగు వెడల్పు, రెండంగుళాల మందం... బరువు 80 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది మరి. కొడుకు ఓ చివర పట్టుకుంటే గానీ కదల్లేదు. నేలమీద నాలుగు చెక్కముక్కలు పరిచి దానిమీద పడుకోబెట్టారు. గీతకి అటు రెండు, ఇటు రెండు చెక్కలుండాలి. రెండు చివర్లే ఆనిస్తే కోత పూర్తవుతుండగా పలక మధ్యలో కుంగి బ్లేడుని పట్టేస్తుంది. అప్పుడు మిషన్ ఎగిరి మనిషి మీదికొస్తుంది.

కొలతకీ ఓ పద్ధతుంది. ఒక గాడి లోపలి అంచు నుంచి రెండో గాడి లోపలి అంచు దాకా కొలవాలి. కింద ఒకసారి, పైన ఒకసారి. స్తంభం కాస్త ఒరిగినా ఐదు పలకలకీ ఐదు కొలతలొస్తాయి. వచ్చిన కొలతలో అర అంగుళం తగ్గించి గీత గీయాలి. లేదంటే పలక గాడిలోకి సగం దిగి ఇరుక్కుంటుంది. ఇక పైకీ రాదు, కిందికీ పోదు. మూలమట్టం పెట్టి గీతని నాలుగు వైపులా తిప్పాలి. కోసిన అంచు ఎలాగూ గాడిలో దాక్కుంటుంది కనుక కాస్త వంకర పోయినా కనిపించదు. కొత్తగా చెయ్యి పెట్టేవాళ్లకి అదో ఊరట.

నాలుగంగుళాల బ్లేడు రెండంగుళాల పలకని ఒక్క దెబ్బకి కోసేస్తుందనుకుంటారు చాలామంది. కొయ్యదు. మధ్యలో మోటారు అడ్డం ఉంటుంది కనుక అంగుళం పైచిలుకే దిగుతుంది. ఇంకాస్త దిగుతుందని బ్లేడు మీది రేకు తొడుగు విప్పేస్తే వేళ్లకి పూచీ ఉండదు. పైన సగం కోసి, తిరగేసి, కింద సగం కోయాలి. లోపల ఇనప తీగలుంటాయి. వాటిని ఆక్సా బ్లేడుతో తెంపుకోవచ్చు. తెగిన తీగ కొసలకి మాత్రం చిక్కటి సిమెంటు పాలు పట్టించాలి. లేకపోతే తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి పలక అంచు పగులుతుంది.

ఇవన్నీ గుమస్తాగారికి ముందే తెలుసు. అనుకోనిది దుమ్ము. మొదటి పలక సగం తెగేసరికి పెరడంతా పొగమంచు పట్టినట్టయింది. “ఏవండీ, ముక్కుకి రుమాలన్నా కట్టుకోండి!” అని లోపల్నుంచి ఆవిడ కేక. ఇంతలో పక్కింటావిడ ఆరేసిన బట్టలు దులుపుకుంటూ గోడ మీంచి తొంగిచూసింది. “ఇంకెన్ని ఉన్నాయి అన్నయ్యగారూ?” అంది మర్యాదగానే. ఇంకా నాలుగు!

కంటికి కనిపించే ఆ దుమ్ము ఫరవాలేదు. తుమ్మితే పోతుంది, కడిగితే పోతుంది. కనిపించనిదే ప్రమాదం. కాంక్రీటులో ఇసుక ఉంటుంది. ఇసుకలో సిలికా ఉంటుంది. బ్లేడు ఒరిపిడికి అది వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని నలుసులుగా లేస్తుంది. ఊపిరితిత్తుల అడుగుకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చ కడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు పెరిగి ఊపిరికి చోటు తగ్గిపోతుంది. సిలికోసిస్ అంటారు దాన్ని. నయం చేసే మందు లేదు. క్షయ సోకే ముప్పునీ పెంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ దుమ్ముని 1997లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రుమాలు ఈ నలుసుల్ని ఆపలేదు.

మర్నాడు పద్ధతి మారింది. కరోనా రోజుల్లో కొన్న ఎన్95 మాస్కులు అలమారలోంచి బయటికొచ్చాయి. పలకని ముందే బాగా తడిపారు. కొడుకు చెంబుతో కోత మీద సన్నగా నీళ్లు పోస్తుంటే ఆయన కోశారు. మిషన్ మీద చుక్క పడకుండా, ప్లగ్గు బోర్డు దూరంగా స్టూలు మీద పెట్టి, కరెంటు లీకైతే క్షణంలో ఆపేసే మీట ఉన్న లైను నుంచి వైరు లాగి మరీ. దుమ్ము చాలావరకు బురదై నేలమీదే ఉండిపోయింది. పక్కింట్లో బట్టలు తెల్లగానే ఆరాయి. సాయంత్రానికి మరో మూడు తెగాయి.

ఆఖరి పలక దగ్గర ఉండగా మేస్త్రీ పంపిన కుర్రాడు వచ్చాడు. పట్టుమని పాతికేళ్లుండవు. “నేను కోసేస్తా, ఇటివ్వండి సార్” అని గొంతుక్కూర్చున్నాడు. నీళ్లు లేవు, మాస్కు లేదు. పది నిమిషాల్లో ముక్క విడిపోయింది. లేచి నిలబడితే కనుబొమలు, రెప్పలు, జుట్టు అన్నీ తెల్లగా... డెబ్బై ఏళ్ల ముసలాయనలా.

“మాస్కు పెట్టుకోవచ్చు కదయ్యా?”

“ఊపిరాడదు సార్. పని సాగదు. రోజుకి ముప్ఫై, నలభై కొయ్యాలి.”

“దగ్గు రాదూ?”

“రాత్రిళ్లు వస్తది సార్. పొద్దున్నే బెల్లంముక్క తింటా. దుమ్మంతా దిగిపోద్ది.”

దుమ్ము పనులు చేసేవాళ్లలో చాలామందికి ఉన్న నమ్మకమే ఇది. బెల్లం గొంతుకి హాయిగానే ఉంటుంది. కానీ అది వెళ్లే దారి కడుపులోకి. దుమ్ము వెళ్లిన దారి వేరు.

గుమస్తాగారు రెండ్రోజులు పడ్డది ఐదు పలకల దుమ్ము. అదీ నాలుగే. ఆ కుర్రాడికి అది ఒక్క గంట పని. పలక కోసినందుకు కూలి ఎంతని బేరమాడే ఇంటివాళ్లు, ఒక బకెట్ నీళ్లు, ఒక మాస్కు, ఇంకో అరగంట సమయం ఇస్తే పోయేదేముంది? ‘తడిపి కొయ్యి, ఆలస్యమైనా ఫరవాలేదు’ అని చెప్పాల్సింది మేస్త్రీ కాదు, డబ్బిచ్చేవాళ్లు.

అసలు కోతే లేకుండా చూసుకోవడం ఇంకా మేలు. స్తంభాలు పాతకముందే టేపు పట్టుకుని కూర్చుంటే సగం కోతలు కాగితం మీదే తప్పిపోతాయి. పలకలు పోసే చోట ముందే చెబితే అచ్చులో అడ్డుచెక్క పెట్టి పొట్టి పలకలు పోసిచ్చేవాళ్లూ ఉంటారు. గుమస్తాగారు రోడ్డు వైపు పనికి ఈసారి ముందే లెక్క వేశారు. మూడు పలకలకి 21 అడుగులు. మిగిలిన 9 అడుగుల్లో గేటు. ఒక్క పలకా కోయనక్కర్లేదు.

కుర్రాడికి ఆరోజు కూలి కాస్త తగ్గినట్టే. “పలకలు దింపడానికి మనిషి కావాలి, నువ్వే రావయ్యా” అన్నారు గుమస్తాగారు.