చక్రముల యింటికి విడిది

ఇల్లే వెంట వచ్చుచుండగా బసకు చింత యేమని సోదరీమణులు తలంపవచ్చును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో బండియిండ్లతో సంచరించువారి నోట తఱచుగా వినవచ్చునది బసచింతయే. అచట ఆర్.వి. యని పిలువబడు ఈ బండిలో పడకలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానపుగది, అన్నియు కలవు. అయినను రాత్రి నిలుపుటకు నేల కావలయును. మంచినీరు నింపుకొనుటకును, వాడిననీరు విడుచుటకును తావు కావలయును. విద్యుత్తుతో సహా ఇవన్నియు ఒక్కచోట అద్దెకిచ్చు స్థలములే ఆర్.వి. పార్కులు.

2024 వేసవి సెలవులలో మేము దంపతులము ఆరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరమందున్న మా వదినెగారి యింటికి వెళ్ళియుంటిమి. అచటి యెండలు మన రెంటచింతల యెండలకు తీసిపోవు. అందుచేత మే నెల చివర అన్నయ్యగారు ఒక బండియిల్లు అద్దెకు తెచ్చి, ఉత్తరమున సుమారు 7,000 అడుగుల యెత్తున చల్లగానుండు ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణమునకు మమ్ము తీసికొనిపోయిరి. గ్రాండ్ కాన్యన్ మహాలోయను చూచుట మా సంకల్పము.

దారిలోని యొక పార్కువారు రాత్రికి 95 డాలర్లనిరి. అనగా మన ద్రవ్యమున దాదాపు 7,900 రూపాయలు. పైగా సెలవుదినములు గనుక మూడు రాత్రులకు తక్కువ ఇయ్యమనిరి. “ఇల్లు మనదే, వంట మనదే, పక్క మనదే. ఉత్త నేలకింత వెలయా, వదినెగారూ?” అని మేమడుగగా, వదినెగారు నవ్వి, “నేలకు కాదమ్మా, పంపునకును, ప్లగ్గునకును, మురుగుగొట్టమునకును!” అనిరి.

ఈ వెలలు పెరుగుటకు కారణములు లేకపోలేదు. 2020లో కరోనా మహమ్మారి వ్యాపించినపుడు విమానములకును హోటళ్ళకును వెఱచి జనులు బండియిండ్లను ఆశ్రయించిరి. ఒక్క 2021లోనే 6 లక్షలకు పైగా బండ్లు కర్మాగారములనుండి వెలువడెను. బండ్లు పెరిగినంత వేగముగా నిలుపు తావులు పెరుగలేదు. కుటుంబములు నడుపుకొనుచుండిన చిన్న పార్కులు పలుచోట్ల పెద్ద కంపెనీల చేతులలో పడినవి. విమానపు టిక్కెట్టువలె నేడొక వెల, రేపొక వెల పలుకు పద్ధతియు వచ్చినది.

అన్నయ్యగారు ఆ పార్కును విడిచి బండిని కోకోనీనో జాతీయారణ్యములోనికి త్రిప్పిరి. ఆ దేశపు జాతీయారణ్యములలో అనుమతింపబడిన బాటల ప్రక్కన ఎవరైనను రుసుము లేకయే విడిది చేయవచ్చును. కాని 14 దినములకు మించి యుండరాదు. అంతకుముందు బండ్లు నిలిచిన తావుననే నిలువవలయును. చెత్తనంతయు వెంట తీసికొనిపోవలయును. కార్చిచ్చుల కాలమున మంట వేయరాదన్న యాజ్ఞ యున్నచో పాటింపవలయును. ఏ బాటలు తెఱచియున్నవో అటవీ కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొంటిమి. పశ్చిమ రాష్ట్రములలో ఇట్టి మఱియొక యాశ్రయము బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ వారి ప్రభుత్వభూములు. 1946లో ఏర్పడిన యీ శాఖ యేలుబడిలో సుమారు 24 కోట్ల 50 లక్షల యెకరములు కలవు. అందుసయితము పలుచోట్ల 28 దినములలో 14 దినములు ఉచితముగా నుండవచ్చును.

ఆ దేవదారువంటి వృక్షముల నడుమ మూడు రాత్రులుంటిమి. తొట్టిలోని నీరు 150 లీటర్లు మాత్రమే, మనుష్యులము ఆర్గురము. బియ్యము కడిగిన నీటితో గిన్నెలకు మొదటి కడుగు కడిగితిమి. పప్పును ప్రొద్దుననే నానవేసి గ్యాసును పొదుపు చేసితిమి. పిల్లలకు చెంబుతో లెక్కపెట్టి నీరు పోసితిమి. తిరుగుదారిలో పట్టణమున కొలది డాలర్లిచ్చి వాడిననీరు విడిచి, మంచినీరు నింపుకొంటిమి.

ఆ యడవిలో మాకు పొరుగుగానున్నది ఒక వృద్ధ వితంతువు. ఒక పాఠశాలలో పిల్లలకు వండిపెట్టి విశ్రాంతి పొందినదట. ఆమెకు బండియే ఇల్లు; వేఱొక యిల్లు లేదు. పూర్వమొక పార్కులో నెల యద్దెకు ఏండ్లుగా కాపురముండెను. యజమాని మారెను, ఒక్క యేట రెండుమార్లు అద్దె పెరిగెను. వేఱొకచోట అడుగగా, పదియేండ్లు దాటిన బండ్లను రానీయమనిరట. ఇపుడామె వేసవిలో ఈ కొండలమీదను, చలికాలమున పశ్చిమ సరిహద్దున క్వార్ట్జ్‌సైట్ ఎడారిలోను కాలము గడుపుచున్నది. అచట 1983నుండి ప్రభుత్వమువారు దీర్ఘకాల విడిదిభూములను నడుపుచున్నారు. సెప్టెంబరు 15 మొదలు ఏప్రిల్ 15 వఱకు ఒక్క రుసుముతో ఉండవచ్చును. 1856లో ఆ దేశపు సేనకై ఒంటెలతో వచ్చి, 1902లో కన్నుమూసిన హైజాలీ యను సిరియా దేశీయుని సమాధి ఆ యూరిలోనే కలదు.

భయము లేదా యని మేమడుగగా ఆమె, “బండిముఖము బాటవైపునకే నిలుపుదును, తాళము చేతికందునట్లు పెట్టుకొందును. నా భయము దొంగలను గూర్చి కాదు, పంచాంగమును గూర్చి” యనినది. గోడమీది పంచాంగములో పదునాల్గవదినమునకు ఎఱ్ఱగీత గీసియుంచుకొన్నది. ఆ దినము మందులు, నీటిపీపాలు, పిల్లి, అన్నియు సర్దుకొని కదలవలయును.

ఆ వేసవిలోనే, జూన్ 28న, ఆరెగాన్ రాష్ట్రపు గ్రాంట్స్ పాస్ పట్టణ వ్యాజ్యమున ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇల్లు లేనివారు బహిరంగస్థలములలో పండుకొనినందులకు శిక్షించుట రాజ్యాంగము నిషేధించిన క్రూరశిక్ష కాదని దాని సారాంశము. బండ్లలో రాత్రి నిద్రించుటను నిషేధించు పట్టణములును పెక్కు కలవు. పార్కు వెల పెరుగుట మావంటి యాత్రికులకు ఖర్చు. అట్టివారికి ఇల్లు కదలుట.

బిడ్డలను చూడ నా దేశమేగి బండియిల్లు తీసికొను సోదరీమణులకు కొన్ని మాటలు. అడవులు కాక ఇతర విడుదులును కలవు. సంవత్సర చందా కట్టినవారిని ఒక రాత్రి ఉండనిచ్చు పొలములు, ద్రాక్షతోటలు కలవు. అచట కూరయో పండో కొనుట మర్యాద. కొన్ని వాల్‌మార్ట్ అంగళ్ళ ముంగిట మేనేజరు సెలవిచ్చిన నిలువవచ్చును. జలాశయముల యొడ్డున సైనిక ఇంజనీర్ల శాఖవారు నడుపు విడుదులు పలుచోట్ల చౌక. ఎచటనైనను అడిగి నిలువుడు. వచ్చినప్పటికంటె శుభ్రముగా విడువుడు. మన సత్రములవలె ఆ యుచితభూములకును దినముల మితి కలదు. మన తరువాత అచటికి వచ్చునది, పోవుటకు వేఱొక యిల్లు లేని ముదుసలి కావచ్చును.